ఐదు నియమాలు మాకు చెప్పారు, మిగిలిన రెండూ ఎవరికి?

మా బౌద్ధ సంఘం కార్యవర్గానికి, ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో పౌర్ణమి వందనాలు నడిపిస్తున్న సంఘాల పెద్దలందరికీ,

జై భీమ్. నమో బుద్ధాయ.

మీలో చాలామంది మాకంటే పెద్దవాళ్లు. మాకు పంచశీల నేర్పింది, బాబాసాహెబ్ పుస్తకాలు చేతికిచ్చింది మీరే. ఆ గౌరవంతోనే విహారం చందాల లెక్క మొదట నోటితో అడిగాం, తర్వాత కాగితం మీద రాసిచ్చాం. రెండింటికీ జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాం. ఇందులో ఎవరి పేరూ లేదు, సంఘం పేరూ లేదు. విషయం తెలిసినవాళ్లకు తెలుసు. తెలియనివాళ్లు తమ ఊరి సంఘంలో ఇలాంటిది నడుస్తున్నదేమో ఒకసారి చూసుకుంటే మంచిది.

జరిగింది ఇది. విహారం కట్టడానికి, దాని పక్కనే పోటీ పరీక్షల పిల్లలకు రీడింగ్ రూమ్ కోసం చందాలు పోగయ్యాయి. ఇచ్చినవాళ్లలో పారిశుద్ధ్య కార్మికులు ఉన్నారు, బీడీలు చుట్టే ఆడవాళ్లు ఉన్నారు, ఆటో డ్రైవర్లు, కాజీపేటలో రైల్వే పెన్షన్ మీద బతికే పెద్దలు, టీచర్లు ఉన్నారు. ఇంట్లో మనిషి పోతే దినాలు, పిండాలు మానేసి, ఆ ఖర్చు తెచ్చి విహారానికి ఇచ్చినవాళ్లు కూడా ఉన్నారు. బంధువులతో మాటలు పడి మరీ ఇచ్చిన పైసలవి. పునాది పడింది, పిల్లర్లు లేచాయి, పని ఆగిపోయింది. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అన్నది ఏ మీటింగులోనూ చదవలేదు.

ఒక పౌర్ణమి నాడు వందన అయ్యాక, పారిశుద్ధ్య పని చేసే అక్క ఒకామె లేచి, "అన్నా, మనం ఇచ్చిన పైసలకు లెక్క ఎప్పుడు చెప్తరు?" అని అడిగింది. గొంతు పెంచలేదు. ఎవరినీ దొంగ అనలేదు. వేదిక మీది నుంచి వచ్చిన జవాబు వినండి: "ఇది సమ్యక్ వాక్కు కాదమ్మా. సమయం చూసి మాట్లాడాలె, మెత్తగ మాట్లాడాలె, మైత్రితోని మాట్లాడాలె. సంఘభేదం చేసుడు మహాపాపం." తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపులో ఆమె నంబరు లేదు. ఆమె తరఫున మాట్లాడిన ఇంకొందరి నంబర్లూ పోయాయి. మన అద్దె గదిలో పుస్తకాలు తీసుకుని చదువుకునే ఆమె కొడుకుతో, "ముందు మీ అమ్మకు బుద్ధి చెప్పుకో" అన్నారు. ఇది మాత్రం చాలా తప్పు. తల్లి అడిగిన దానికి కొడుకు పుస్తకం ఆపడం ఏ ధమ్మంలో ఉందో మాకు తెలియదు.

సమ్యక్ వాక్కు, అంటే సరైన మాట, అని చెప్పి ఆమెను కూర్చోబెట్టారు కదా, ఆ మాట దగ్గరే మొదలుపెడతాం. సమయం, సత్యం, మెత్తదనం, మేలు, మైత్రి అనే ఐదూ బౌద్ధ గ్రంథాలైన త్రిపిటకాల్లో ఉన్నవే. వాటిలోని అంగుత్తర నికాయంలో బుద్ధుడి ముఖ్య శిష్యుడు సారిపుత్రుడు భిక్షువులకు చెబుతాడు: ఇంకొకరి తప్పు ఎత్తిచూపాలనుకునేవాడు ముందు ఈ ఐదింటిలో నిలబడాలి, సమయానికే మాట్లాడతాను, నిజమే మాట్లాడతాను అని తనకు తాను చెప్పుకోవాలి అని. బాగుంది, మేం కాదనం. అయితే ఆ సుత్తం (ఉపదేశం) అక్కడ ఆగదు. తప్పు ఎవరిలో ఎత్తిచూపారో వాళ్లు రెండింటిలో నిలబడాలి అని వెంటనే చెబుతాడు. ఒకటి సత్యం, రెండోది కోపానికి లోనుకాకుండా ఉండటం. అడిగేవాడు సమయం చూసి అడిగినా చూడకుండా అడిగినా, మెత్తగా అడిగినా కఠినంగా అడిగినా, మైత్రితో అడిగినా ద్వేషంతో అడిగినా, తాను మాత్రం ఈ రెండింటిలోనే ఉంటానని సారిపుత్రుడు తన గురించి తానే అంటాడు. ఆ దోషం తనలో ఉంటే ఉందంటాడు, లేకపోతే లేదంటాడు. అంతవరకే.

పెద్దలారా, ఐదూ మీకు కంఠతా వచ్చు. ఈ రెండూ మాత్రం మీ నోట మేమెప్పుడూ వినలేదు. అడిగేవాళ్లను తూచే తక్కెడ మీ చేతిలో ఉన్నది, మిమ్మల్ని తూచే తక్కెడను అటక మీద పెట్టారు. అక్క మాట ఆ ఐదింటికీ నిలిచింది. ఒకవేళ నిలవలేదనే అనుకుందాం. అప్పుడైనా మీ రెండూ మీవే కదా!

ఇక సంఘభేదం, అంటే సంఘాన్ని చీల్చడం సంగతి. ఇది చిన్న ఆరోపణ కాదు. తల్లిని, తండ్రిని, అరహంతుని (ముక్తి పొందినవాడిని) చంపడంతో పాటు లెక్కపెట్టే ఐదు ఘోర కర్మల్లో ఒకటి. అంత మాటను చందా లెక్క అడిగిన మనిషి మీద వేశారు. భిక్షువుల నియమాలు చెప్పే వినయ పిటకంలోని చుల్లవగ్గ చూడండి. సంఘం చీలాలంటే ఇటు నలుగురు, అటు నలుగురు, చీలిక ప్రకటించే తొమ్మిదోవాడు, అందరూ భిక్షువులే అయి ఉండాలి. ఉపాసిక (గృహస్థ స్త్రీ) సంఘాన్ని చీల్చలేదని అక్కడే స్పష్టంగా ఉంది. పైగా మనది గృహస్థులు రిజిస్టర్ చేయించుకున్న సొసైటీ. అలాంటి చోట భిక్షు సంఘానికి చెప్పిన పాపాన్ని ఆమెకు అంటగట్టడం ఏం న్యాయం?

నోరు మూసుకుని ఉండటమే సమ్యక్ వాక్కు అనే అపోహ ఈనాటిది కాదు. పోతలియుడనే పరివ్రాజకుడికీ (తిరుగాడే సన్యాసికీ) ఉండేది. అతని ముందు బుద్ధుడు నాలుగు రకాల మనుషులను పెట్టాడు. విమర్శించదగ్గవాళ్లను విమర్శించి, మెచ్చుకోదగ్గవాళ్లను మెచ్చుకోనివాడు ఒకడు. మెచ్చుకుంటాడు గాని విమర్శించనివాడు ఇంకొకడు. రెండూ చేయనివాడు మూడోవాడు. నిజం చూసి, సమయం చూసి రెండూ చేసేవాడు నాలుగోవాడు. వీళ్లలో ఎవడు గొప్ప అని అడిగితే, ఏదీ అనకుండా ఉపేక్షతో ఉండే మూడోవాడే అన్నాడు పోతలియుడు. బుద్ధుడు ఒప్పుకోలేదు, నాలుగోవాడే గొప్ప అన్నాడు. మన సంఘాల్లో మాత్రం మూడోవాడికి శాలువా కప్పుతున్నారు.

అభయ రాజకుమారుడితో బుద్ధుడు మాట్లాడిన సందర్భం మీరే మాకు ఎన్నోసార్లు చెప్పారు. పసిపిల్లవాడు నోట్లో పుల్లో, రాయో పెట్టుకుంటే ఏం చేస్తావని బుద్ధుడు అడుగుతాడు. రక్తం వచ్చినా సరే తీసేస్తాను, నాకు వాడి మీద దయ ఉంది కాబట్టి అంటాడు రాకుమారుడు. నిజమైనది, మేలు చేసేది అయితే వినడానికి ఇష్టం లేని మాటనైనా సమయం చూసి తథాగతుడు (బుద్ధుడు) చెబుతాడన్నది అక్కడి సారం. ఇష్టం లేని మాట కాబట్టి చెప్పొద్దు అన్న సుత్తం ఎక్కడైనా ఉంటే మాకు చూపించండి.

నలుగురి ముందు అడగడమే తప్పు, చాటుగా వచ్చి అడగాల్సింది అని తర్వాత ఒక పెద్దాయన అన్నారు. (చాటుగా ఇంటికి వెళ్లి అడిగినవాళ్లకు టీ దొరికింది, లెక్క దొరకలేదు. అది వేరే సంగతి.) బుద్ధుడికి ఎదురు తిరిగిన భిక్షువు దేవదత్తుడి విషయంలో, అతని నడతకు సంఘం బాధ్యత కాదని రాజగృహంలో బహిరంగంగా ప్రకటించిరమ్మని సంఘం సారిపుత్రుడిని పంపింది. సారిపుత్రుడు సంకోచించాడు. ఇదే ఊళ్లో ఒకప్పుడు దేవదత్తుడిని నేనే పొగిడాను కదా అన్నాడు. అప్పుడు నువ్వు పొగిడింది నిజమే కదా, ఇప్పుడు చెప్పబోయేదీ నిజమే, వెళ్లి చెప్పు అన్నాడు బుద్ధుడు. మా పరిస్థితీ అదే. మీరు చేసిన మంచిని ఇదే వాడల్లో మేమే చెప్పుకున్నాం, ఇకముందూ చెప్పుకుంటాం. లెక్క చెప్పలేదన్న మాట కూడా నిజం కాబట్టి చెబుతున్నాం.

అన్నిటికంటే మాకు ముఖ్యమైనది పవారణ. భిక్షువులు వానాకాలం ఒకేచోట ఉండే వర్షావాసం ముగిసే పౌర్ణమి నాడు ప్రతి భిక్షువూ సంఘం ముందు కూర్చుని, నాలో మీరు చూసినదో, విన్నదో, అనుమానించినదో ఏదైనా తప్పుంటే దయతో చెప్పండి అని వేడుకుంటాడు. చిన్నవాళ్లు పెద్దవాళ్లను వేడుకోవడం అనుకునేరు, ఎంత పెద్ద థేరుడైనా వేడుకోవాల్సిందే. శ్రావస్తిలో పూర్వారామంలో ఐదు వందల మంది భిక్షువుల నడుమ స్వయంగా బుద్ధుడే, నా నడతలో గాని మాటలో గాని మీకు తప్పు కనిపించిందా అని అడిగాడు. చివరి రాత్రి కుశీనగరంలోనూ సందేహాలుంటే అడగమని మూడుసార్లు అన్నాడు. ఎవరూ లేవకపోతే, నా మీద గౌరవంతో అడగలేకపోతున్నారేమో, పక్కనున్న మిత్రుడికైనా చెప్పండి అన్నాడు. అడగలేనివాళ్ల మొహమాటాన్ని కూడా తన బాధ్యతగా తీసుకున్న గురువు ఆయన. ఆయన విగ్రహం ముందు కూర్చున్న మనం, అడిగినవాళ్ల నంబర్లు తీసేస్తున్నాం.

మన ప్రాంతం గురించి మీటింగుల్లో గర్వంగా చెప్పుకుంటాం. ధూళికట్ట స్తూపం, కోటిలింగాల, బాదనకుర్తి, అన్నీ బౌద్ధంతో ముడిపడిన పాత చోట్లు. గోదావరి ఒడ్డున ఉండే బావరి అనే గురువు తన పదహారుమంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపిన కథ చెప్పగానే చప్పట్లు పడతాయి. ఆ పదహారుమంది మొక్కడానికి పోలేదు. ఆయన నిజంగా బుద్ధుడేనా అని ముందు మనసులోనే ప్రశ్న వేసి పరీక్షించారు. ఆయన కోప్పడలేదు. బావరి సందేహాలైనా మీ సందేహాలైనా అన్నీ అడగండి అని అవకాశం ఇచ్చాడు. సుత్త నిపాతంలోని పారాయన వర్గం అంతా వాళ్ల ప్రశ్నలు, ఆయన జవాబులే. అంటే గోదావరి తీరం నుంచి బౌద్ధానికి వెళ్లిన మొదటి కానుక ప్రశ్నలేనని చెప్పుకోవచ్చు.

మీ మౌనం వల్ల మామూలు జనానికి ఏం జరుగుతున్నదో చెబుతాం.

1. అడిగిన అక్క పొద్దున చీపురు పట్టుకునే చోట, పీఎఫ్ కట్టారా, జీతం ఎందుకు కోశారు అని కాంట్రాక్టరును అడగాలంటే ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఆమెకు మన మీటింగుల్లోనే వచ్చింది. అంబేద్కర్ బొమ్మ కింద కూర్చున్నవాళ్లే ఆమెను నోరు మూయిస్తే, రేపు కాంట్రాక్టరు ముందు ఆమె ఏ బలంతో నిలబడాలి? ఆమె పక్కన కూర్చున్న ఆడవాళ్లు ఆ రోజు చూసింది చూసినట్టు నేర్చుకున్నారు. తర్వాతి పౌర్ణమికి ఆడవాళ్ల చాపలు సగం ఖాళీ. వచ్చినవాళ్లు కూడా గాథలు చదివి, ఖీర్ తిని, మాట్లాడకుండా పోతున్నారు. ఇంట్లో మగవాళ్లు, "నీకెందుకే ఆ లెక్కలు" అంటున్నారట. ఈ మాట పడకుండా ఉండాలనే కదా వాళ్లు మన దగ్గరికి వచ్చింది!

2. రీడింగ్ రూమ్ లేక పిల్లలు అప్పు చేసి హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టళ్లకు పోతున్నారు. పోలేనివాళ్లు చదువు ఆపేస్తున్నారు.

3. బీడీల కూలిలోంచి తీసి ఇచ్చినవాళ్లకు రసీదు కూడా లేదు. అమరావతి స్తూపం శాసనాల్లో విధికుడనే తోలుపనివాడు ఉన్నాడు. తన కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని దానం చేశాడని రాయి మీద చెక్కారు. రెండు వేల ఏళ్ల కింద ఒక చెప్పులు కుట్టే మనిషి దానాన్ని శిల మీద నిలబెట్టిన సంప్రదాయం మనది. ఈనాటి దాత పేరు నోట్‌బుక్‌లోనైనా ఉందో లేదో తెలియదు.

4. దినాలు మానేసి చందా ఇచ్చిన కుటుంబాలను బంధువులు ఎగతాళి చేస్తున్నారు: "గుళ్లో హుండీ వద్దన్నరు గదా, ఇప్పుడేమైంది?" దీనికి మా దగ్గర జవాబు లేదు. ఇద్దరు ముగ్గురు మళ్లీ పాత దారికి పోయారు కూడా.

5. కార్యవర్గంలోనే లెక్క తెలిసిన కొందరు, "నాకేం తెల్వదు" అంటున్నారు. మజ్ఝిమ నికాయంలో సాల గ్రామస్థులకు బుద్ధుడు చెప్పింది వాళ్లు ఒకసారి చదవాలి. సభలోనో, బంధువుల మధ్యనో, రాజు ముందో తెలిసింది చెప్పమంటే, తెలిసీ తెలియదనడం, చూసీ చూడలేదనడం అబద్ధమే. తనకోసం చేసినా, ఇంకొకరి కోసం చేసినా, కాస్త లాభం కోసం చేసినా అబద్ధమే. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో అబద్ధం ఆడను అన్నదీ ఉంది. ఏటా అదే తేదీన మనం చేయి చాచి అది చదువుతున్నాం.

సర్కారు ఆఫీసులో ఆర్టీఐ వేస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని మన పిల్లలకు మీరే క్లాసులు పెట్టి చెప్పారు. సోమవారం ప్రజావాణికి దరఖాస్తులు రాసిచ్చిందీ మీరే. అధికారి తిప్పించుకుంటే మనమంతా కలెక్టరేట్ ముందు కూర్చున్నాం. తహసీల్దారును అడిగే హక్కు ఉన్న మనిషికి తన సంఘం కోశాధికారిని అడిగే హక్కు ఉండదా? 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్, బౌద్ధ భిక్షు సంఘాలే పార్లమెంట్లని అన్నారు. తీర్మానాలు, కోరం, ఓట్ల లెక్కింపు, అభిశంసన అన్నీ వాళ్లకు తెలుసన్నారు. అదే ప్రసంగంలో రాజకీయాల్లో వ్యక్తిపూజ పతనానికి దారి అని కూడా హెచ్చరించారు. మొదటి ముక్క మన సావనీర్‌లో అచ్చువేశాం, రెండోది వదిలేశాం.

మా డిమాండ్లు ఇవి.

1. వచ్చిన చందా, దాతల పేర్లు, బిల్లులు, బ్యాంకు పాస్‌బుక్ కాపీ నెల రోజుల్లో మీటింగు హాలు గోడకు అతికించాలి. పేరు వద్దన్న దాతలకు "ఒక దాత" అని రాస్తే చాలు.

2. గ్రూపులోంచి తీసేసినవాళ్లను తిరిగి చేర్చాలి. లెక్క అడగడం తప్పు కాదని ఏ వేదిక మీద ఆమెను కూర్చోబెట్టారో ఆ వేదిక మీదే చెప్పాలి. ఆమె కొడుకుకు పుస్తకాలు రేపే ఇవ్వాలి, దానికి నెల గడువు అక్కర్లేదు.

3. వచ్చే ఆశ్వయుజ పౌర్ణమికి మన సంఘంలో పవారణ జరగాలి. అది భిక్షువుల వినయ కర్మ, గృహస్థులకు నియమం కాదని మాకూ తెలుసు. దాని స్ఫూర్తిని తీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అధ్యక్షుడి నుంచి మొదలుపెట్టి కార్యవర్గం అంతా వేదిక దిగి చాప మీద కూర్చుని, మాలో తప్పుంటే చెప్పండి అని అడగాలి. ముందు ఆడవాళ్లకు అవకాశం ఇవ్వాలి. నోటితో చెప్పలేనివాళ్లు చీటీ రాసి వేయడానికి డబ్బా పెట్టాలి. ప్రతి ప్రశ్నకూ ఉందనో లేదనో తర్వాతి పౌర్ణమిలోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి.

4. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికోసారి జరగాల్సిన సర్వసభ్య సమావేశం జరపాలి. లెక్కలు చూసే కమిటీలో కార్యవర్గంలో లేని ఇద్దరు దాతలు ఉండాలి, వాళ్లలో ఒకరు మహిళ అయి ఉండాలి.

5. సమ్యక్ వాక్కు పేరు చెప్పి ప్రశ్నను ఆపకూడదని బైలాలో రాయాలి. ఆ ఐదూ అడిగేవాళ్లు తమకు తాము పెట్టుకునే నియమం. సారిపుత్రుడు చెప్పిన ఆ రెండింటినీ కూడా బైలాలో చేర్చండి.

మేమూ కట్టుబడి ఉంటాం. లెక్కలు సరిగ్గా ఉంటే, మా అనుమానం తప్పని అదే పౌర్ణమి మీటింగులో మైకులో చెప్పి క్షమాపణ కోరతాం. నిజానికి లెక్కలు సరిగ్గానే ఉంటాయని మాలో సగం మంది నమ్మకం. రాయడానికి బద్ధకించి, అడిగేసరికి అహం అడ్డొచ్చిందని మేమనుకుంటున్నాం. అదే అయితే తేల్చుకోవడం సులువు.

కౌశాంబిలో భిక్షువులు గొడవపడి బుద్ధుడి మాట కూడా వినకపోతే, ఆ ఊరి ఉపాసకులు వాళ్లకు నమస్కరించడం, భిక్ష పెట్టడం మానేశారు. ఆ తర్వాతే వాళ్లు శ్రావస్తికి నడిచి వెళ్లి రాజీపడ్డారు. మేం అంత దూరం పోవడం లేదు. పౌర్ణమి వందనకు వస్తాం, చాపలు పరుస్తాం, ఎప్పటిలాగే నమస్కరిస్తాం. గోడ మీద లెక్కలు కనిపించేదాకా విహారం పేరున కొత్త చందా మాత్రం ఇవ్వం. మిగతా సంఘాల సభ్యులు కూడా తమ తమ ఊళ్లలో ఈ ఐదు డిమాండ్లనూ మీటింగులో చదవాలని కోరుతున్నాం.

ఈసారి కాగితం ఇచ్చినప్పుడు రసీదు ఇవ్వండి.

ఇట్లు,
చందాదారులు, ఉపాసికలు, ఉపాసకులు కొందరు
హనుమకొండ, కాజీపేట